గుంబో ఇంటికి అతికే పేరు

పిండిమర బెల్టు తెగింది. మొక్కజొన్నల బక్కెట్లు వరసలోనే ఉన్నాయి, వాటి మనుషులు మాత్రం మర గోడ నీడలోకి చేరారు. నీడలో అప్పటికే జైరోస్ తాత ఉన్నాడు. ఆయన పక్కన మనవడి పెళ్ళాం షువాయ్, ఆమె ఒళ్ళో పసిగుడ్డు. ఆడపిల్ల. బొడ్డు ఊడింది, రేపు చర్చిలో పేరు చదవాలి. పేరు పెట్టేది తాతే అని ఇంట్లో మగవాళ్ళు తేల్చేశారు. షువాయ్ గుబులంతా అదే.

"తాతా, ఆ పేరేదో ముందు నా చెవిన వెయ్యండి. రేపు అందరితో పాటు వినలేను," అంది.

"తొందరేంటి తల్లీ? పేరు పెట్టడమంటే నోటికొచ్చింది అనెయ్యడం కాదు. ఇంటిపేరుతో కలిపి పిలిచి చూడాలి. ఆ విద్య ఈ ముటోకో జిల్లా మొత్తం మీద ఒక్కడికే వచ్చు. వాడు నీ పక్కనే కూర్చున్నాడు. ఏరా ఫిరీ, నువ్వు మలావీ నుంచి కొత్తగా వచ్చావు, మా మాట నీకింకా పట్టుబడలేదు. బెల్టు కుడుతూనే విను. మా ఇంటిపేరు గుంబో. గుంబో అంటే కాలు. ముందు ఎంత మంచి పేరు తగిలించినా వెనక ఒక కాలు వస్తుంది. మా పెదనాన్న ఆ సంగతి చూసుకోకుండా కొడుక్కి తపీవా అని పెట్టాడు. 'మాకిచ్చారు' అని. దేవుడిచ్చాడనుకున్నాడు పాపం. కలిపి పిలిస్తే ఏమైంది? 'మాకు కాలు ఇచ్చారు!' వాడు ఏ పెళ్ళికెళ్ళినా వడ్డించేవాళ్ళు మేక కాలే వేసేవాళ్ళు. మెత్తని ముక్క రుచి తెలియకుండానే పోయాడు."

ఫిరి సూది ఆపి నవ్వాడు.

"నేనలా చేస్తానా? మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. ఇలా చూశాను, అలా చెప్పాను. సిముకాయ్! అంటే 'లేవండి'. సిముకాయ్ గుంబో! 'కాలుగారూ, లేవండి!' మర్యాద కూడా ఉంది చూడు అందులో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పళ్ళన్నా రాకముందే వాడు లేచి నిలబడ్డాడు."

"కొందరు పిల్లలు తొందరగానే నిలబడతార్లే అన్నయ్యా," అంది తాత చెల్లెలు ఎరినా, చెరుకు నములుతూ.

"నిలబడి ఊరుకున్నాడా? బంతి తన్నాడు. అది పైకెళ్ళింది, ఇంక కిందికి రాలేదు. నోట్లో ఈల పెట్టుకుని పైకి చూసి చూసి రిఫరీకి మెడ పట్టేసింది. ఇవాళ్టికీ ఆకాశం చూస్తూనే నడుస్తాడు, కావాలంటే పోయి చూడండి."

"ఆయన మెడ మామిడిచెట్టు మీంచి పడితే పట్టేసింది."

"చెట్టెందుకెక్కాడు? బంతి వస్తుందేమో చూద్దామని ఎక్కాడు! నువ్వు చెరుకు నములు. అసలు సంగతి బళ్ళో జరిగింది. కొత్త మేష్టారొచ్చాడు, గొంతంటే గొంతు కాదది, ఎద్దు రంకె. హాజరు పిలుస్తూ 'సిముకాయ్ గుంబో!' అని అరిచాడు. అంతే, అన్నీ లేచాయి."

"ఏవి?" అన్నాడు ఫిరి.

"బెంచీలు! బెంచీకి కాళ్ళుండవా? పిల్లలు మీద కూర్చునుండగానే లేచి బయటికి నడిచాయి. ముందు మేష్టారి బల్ల, వెనక బెంచీలు. బడి పక్క వంటపాకలో మూడుకాళ్ళ ఇనపకుండ, అందులో మొక్కజొన్న సంకటి, అదే సద్జా, కుతకుతా ఉడుకుతూనే, గరిటెతో సహా బయల్దేరింది. వంటామె ఊరుకుంటుందా? పక్కనే పరిగెడుతూ కలిపింది, అడుగంటకుండా. ఇక కసాయి కొట్లో కొక్కేలకి వేలాడే మేక కాళ్ళన్నీ దిగి ఇంటిదారి పట్టాయి."

"తల లేకుండా వాటికి ఇల్లెలా తెలిసింది తాతా?" అన్నాడు ఫిరి.

"తెలియకే కదరా సగం తప్పిపోయింది!"

నీడలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. షువాయ్ కూడా నవ్వింది, కానీ చేత్తో బిడ్డ తల నిమురుతూనే ఉంది.

"నవ్వండి. వరదొచ్చిన ఏడు మీరు నవ్వలేదు. నది వంతెన మీంచి పారుతోంది. అవతల బస్సు, బస్సు నిండా జనం, అందులో పురిటినొప్పులతో ఒక పిల్ల. నేను సిముకాయ్‌ని ఒడ్డున నిలబెట్టాను. ఊరంతటిచేతా ఒక్క గొంతుతో పిలిపించాను. సిముకాయ్ గుంబో! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన కాళ్ళు, ఆ సిమెంటు కాళ్ళు, కొంగ లేచినట్టు లేచాయి! వంతెన నీళ్ళ మీదికొచ్చింది, బస్సు కదిలింది. సరిగ్గా బస్సు మధ్యలో ఉండగా ఎవడో మా వాడితో 'అలిసిపోయావు, కూర్చో బాబూ' అనబోయాడు. నేనెగిరి వాడి నోరు మూశాను. మూయకపోతే ఏమయ్యేది? ఆలోచించండి! ఒక పేరు అన్ని ప్రాణాలు కాపాడింది. పెట్టిందెవరు? ఈ జైరోస్ గుంబో!"

ఎరినా ఇంకో చెరుకు ముక్క విరుచుకుంది.

"మరి నా బిడ్డకేం పేరు తాతా?" అంది షువాయ్ మెల్లిగా.

తాత లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"ఇన్నాళ్ళూ దాచుకున్నానమ్మా దీన్ని. తరిసాయ్! ఫిరీ, తరిసాయ్ అంటే 'చూడండి'. ఆ ముఖం చూడు, ఆ కళ్ళు చూడు. రేపు పాస్టరుగారు దీన్ని రెండు చేతులతో పైకెత్తి పేరు చదివితే చర్చి మొత్తం తల తిప్పుకోకూడదు. ఎలా ఉంది?"

షువాయ్ తల వంచుకుంది. ఎదురు చెప్పే వరస కాదు ఆమెది. ఫిరి మాత్రం సూది చేత్తో పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు, కొత్త మాటలు కూడబలుక్కునేవాడిలా.

"పెద్దాయనా, మీ మాట నాకు సరిగా రాదు, తప్పైతే దిద్దండి. తరిసాయ్ అంటే చూడండి. గుంబో అంటే కాలు. రేపు పాస్టరుగారు ఆడపిల్లని పైకెత్తి, అందరికీ వినపడేలా, 'కాలు చూడండి' అంటారా?"

ఎరినాకి చెరుకు పిప్పి గొంతుకడ్డం పడింది. దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళొత్తుకుంటూ గోడకి ఆనుకుంది. నీడంతా గొల్లుమంది. "రేపు బళ్ళో దీన్ని ఏడిపించని పిల్లాడుంటాడా అన్నయ్యా?" అంది ఊపిరందాక.

"నేను ముఖం గురించి కదా అన్నది!" అన్నాడు తాత.

"మన ఇంటిపేరు ముఖం కాదు తాతా," అంది షువాయ్.

తాత కూర్చున్నాడు.

"అయితే నువ్వేం అనుకున్నావో చెప్పు."

"చియెద్జా. వెలుగు అని. వెనక ఏమొచ్చినా దానికేం కాదు."

ఆయన పెదాలు కదిపి ఆ రెండు పేర్లూ కలిపి చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. వంక దొరకలేదు.

"సరే. కానీ పెట్టింది నేనని చెప్పాలి."

"చెబుతాను తాతా."

"గట్టిగా చెప్పాలి. చర్చి బయట నిలబడ్డవాళ్ళకి కూడా వినపడాలి."

"వినిపిస్తాను," అని షువాయ్ బిడ్డని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.