కొత్తది కింద, పాతది పైన

మరమగ్గాల ఊరు భివండి, శాంతి నగర్. పద్మశాలి సమాజం ఆఫీసు, మధ్యాహ్నం. సమాజం వెబ్‌సైట్ పని చూసే రూపాలి; పక్క కుర్చీలో ఆమె తల్లి రాజమణి.

"రైలు పట్టాల కాడ ఎవలన్న దొరికితె మనకెట్ల తెలుస్తదే రూపాలీ? మీ నాయిన జేబుల ఆధార్ కార్డు గూడ లేదు."

"పొద్దటి సంది ఇదే మాట. బస్ కర్ అమ్మా, ఇగ చాలు."

"పందొమ్మిది దినాలాయె ఆయిన ఇంట్లకెళ్లి పోయి. ఏమనుకోవాలె మరి?"

"బతికున్నడనుకో."

"నువ్వు కంప్యూటర్ల ఏసిన మీ నాయిన ఫోటో ఎవలన్న చూసిండ్రా? అడిగితె చెప్పవేందే?"

"ఇద్దరు చూసిండ్రు. నేను, సెక్రటరీ లక్ష్మీనర్సయ్య మామ."

"అయ్యో! సమాజపోళ్ళందరు దాన్నే చూస్తరంటివి గద?"

"చూస్తరు. తెరవంగనే పైన ఏముంటది? నాలుగేండ్ల కిందటి మార్కండేయ జయంతి ఫోటోలు. నాయిన ముప్పై రెండో పేజీల ఉన్నడు. గంత దూరం ఎవలు పోతరు?"

"గంత అడుక్కి ఎందుకేసినవే?"

"మామ చెప్పిండు. గోదాంల కొత్త బట్ట తాను కింద, పాత తాను పైన ఉంటది, ముందుగాల పాతది పోవాలె, వెబ్‌సైట్ గూడ గట్లనే జెయ్ అన్నడు. నువ్వు గూడ ఔనంటివి."

"ఔను మరి. ఇరవై ఏండ్లు తాన్లు మడతవెట్టిన. పాతది అడుగున పడితె పసుపుపచ్చగైతది."

"అది బట్ట అమ్మా. పైది అమ్ముడువోతె కిందిది పైకొస్తది. వెబ్‌సైట్ల పైది యాడికి వోతది? ఆడనే ఉంటది. నాయిన ఎప్పటికి పైకి రాడు."

"నోట్లె నుంచి గసొంటి మాట తియ్యకు!"

"అందుకే ఇప్పుడు తిప్పుతున్న. తెరవంగనే పైన ‘కొత్తగా చేర్చినవి’ అని ఒక పట్టీ. అండ్ల మొదాలు నాయినే."

"మామ కోపానికొస్తె?"

"రానీ."

"ఏమని రాసినవ్?"

"‘దత్తాత్రి, యాభై ఆరేండ్లు. మగ్గాలు తుక్కు కింద భంగార్‌కు అమ్మినంక ఇంట్ల చెప్పకుండ పోయిండు.’ కింద నా నంబర్."

"ఎందుకు పోయిండో రాయలె గద?"

"ఎందుకు పోయిండమ్మా?"

"నేనే అన్న. మగ్గాలు పోయినయ్, ఇగ నువ్వు ఇంట్ల ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని. కోపంల వచ్చింది నోటికి."

"గిన్ని దినాలు దాసినవా?"

"చెప్తె నువ్వు గూడ నాతోని మాట్లాడవని భయమాయె."

"ఏడవకు. ఇంకొక మాట ఎక్కిస్తున్న. ‘రాజమణి ఎదురుచూస్తున్నది.’"

"సిగ్గులేదానె! అందరు చూస్తరు."

"చూడాలనే గద అమ్మా."

మరునాడు మధ్యాహ్నం, అదే చోటు.

"ఫోన్ మళ్ల మోగుతున్నదే. ఎవలో చూడు."

"పొద్దటి సంది పదకొండు మంది. కనేరిల ఉండె దేవయ్య కాకకైతె నాయిన పోయిన సంగతి ఇయ్యాల్నే తెలిసిందంట. ఇది కొత్త నంబర్. నువ్వెత్తు."

"పోలీసోళ్లయితె?"

"ఎత్తమ్మా."

"హలో... ఎవలు? హలో? మాట్లాడ్తలేరే రూపాలీ."

"కట్ చెయ్యకు. ఉండు."

"మగ్గాల సప్పుడు ఇనవడుతున్నది... ఎవలైతేంది, మా ఆయిన ఎట్లున్నా సరే చెప్పుండ్రి. ఏమైనా సరే, ఇనుకుంట."

"..."

"ఏమయ్యా... నువ్వేనా? తప్పైంది. ఒక్క మాట మాట్లాడు."

"మన సమాజం వెబ్‌సైట్ దినాం తెరిచి చూసిన రాజమణీ. నా పేరు ఇయ్యాల్నే కనవడ్డది."