చెంచయ్య కారులో వేడిగాలి

చెంచయ్య ఉన్నాడే, కనిగిరి పక్కన, మన ఊరికి రెండూళ్ల అవతల, వాడికి అనుమానం తల్లిపాలతోనే వచ్చిందంట. గేదె పాలు పిండుకుని ఇంట్లోకి తెచ్చేలోపు చెంబులోకి తొంగి తొంగి చూసుకుంటాడనుకో, ఎవడన్నా నీళ్లు కలిపాడేమోనని. పిండింది వాడే, మోసింది వాడే! అట్టాంటోడు ఒక పాత కారు కొన్నాడు. ఆ ఏడు ఉలవలు బాగా పండినయ్. మన కాడ ఏం చేస్తారు? ఉలవకట్టె తెచ్చి తార్రోడ్డు మీద పరుస్తారు, లారీలూ బస్సులూ తొక్కుకుంటా పోతయ్, కాయ పగిలి గింజ రాలుద్ది, సాయంత్రానికి తూర్పారబట్టుకుంటారు. అంతేగా? మనోడికి అదీ అనుమానమే. "లారీ టైర్లకి అతుక్కుని నా గింజలు ఒంగోలు పోతయ్" అన్నాడంట. నవ్వబాకండి, నిజంగానే అన్నాడు. ఎవురూ తిరగని డొంకరోడ్డు చూసుకుని, అక్కడ పరిచి, తన కారే ఎక్కి తొక్కిచ్చాడు. ముందుకీ ఎనక్కీ, ముందుకీ ఎనక్కీ. దుమ్ము లేస్తా ఉంది, పొట్టు లేస్తా ఉంది, వీడు అద్దాలు బిగించుకుని లోపల దొరబాబులాగా కూకుని తిప్పుతా ఉన్నాడు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, వాడు మర్చిపోయాడు.

చలికాలం పోయింది, ఎండలు ముదిరినయ్. ఏమైందంటే, చెంచయ్యకి ఒక్కతే చెల్లెలు, తిరుపతమ్మ. ఆమె మొగుడు మాలకొండయ్య, మాట పడే మనిషి కాదు. వాళ్లమ్మకి కంటి ఆపరేషనంటే, బావా ఒక పూట కారియ్యి అని అడిగి తీసకపొయ్యాడు, సాయంత్రం ముసలమ్మతో సహా వచ్చి, కారు కడిగి మరీ పెట్టాడు. చెంచయ్య ఎక్కి ఏసీ వేశాడు. ఆ ఏడు వెయ్యటం అదే మొదలు. చల్లగాలేదీ? పొయ్యి ముందు కూకున్నట్టు వేడిగాలి! దిగాడు, బావ మొహంలోకి చూశాడు. ఏసీ వేశావా బావా అన్నాడు. లేదురా, అమ్మకి చలిగాలి పడదు, వెయ్యలా అన్నాడు ఆయన. ఈ ఎండలో వెయ్యకుండా ఎట్టా పొయ్యావు? యాడన్నా ఆపావా? ఎవురి చేతికన్నా ఇచ్చావా? గ్యాసేమైంది? అని బానెట్టు ఎత్తి, బావని పక్కన నిలబెట్టుకుని ఒక్కో గొట్టం పట్టుకుని చూడటం మొదలుపెట్టాడంట. మాలకొండయ్య మొహం నల్లబడిపోయింది. "నేను నీ ఏసీ గ్యాసు అమ్ముకుని బతుకుతున్నానంట్రా? పెట్టుకో నీ చల్లగాలి" అని తాళం బానెట్టు మీద పెట్టి, ముసలమ్మని ఆటోలో ఎక్కిచ్చుకుని పొయ్యాడు.

అక్కడికన్నా ఆగాడా? కనిగిరిలో మెకానిక్కు ఖాసిం కాడికి పొయ్యాడు. ఖాసిం మీటరు పెట్టి చూశాడు. "గ్యాసు నిండుగానే ఉంది అన్నా. కంప్రెషరు తిరుగుతా ఉంది. లోపలి వేడి బయటికి పోవట్లా. ముందర జాలీ ఉంటది, దానికి గాలి తగలాలి. బంపరు ఇప్పితే తెలుస్తది" అన్నాడు. ఇప్పితే ఏం చేస్తాడో మనోడికి అప్పుడే తెలిసిపోయింది, మంచిది తీసి పాతది బిగిస్తాడు! ఇప్పబాకు, ఇప్పకుండా చెప్పు అన్నాడు. "పుండు చూపియ్యకుండా మందెయ్యమంటే ఎట్టా అన్నా?" అన్నాడు ఖాసిం. అదుగో, మా బావా నువ్వూ ఒకటే అని అక్కడా అనేసి, చెమటలు కార్చుకుంటా ఇంటికొచ్చాడు.

ఇంతలో మేనకోడలు ప్రసన్నకి పెళ్లి కుదిరింది. పిల్లని బుట్టలో మోసుకొచ్చేది ఎవురు? మేనమామ. కబురు రాలా. తిరుపతమ్మే దొంగతనంగా ఫోను చేసి ఏడ్చిందంట, "అన్నా, బుట్ట మోసేదానికి మా ఆయన పెద్దనాన్న కొడుకుని పిలుస్తన్నాడు, ఉన్న ఒక్క అన్నవీ లేకుండా పోతన్నావు" అని. వాడి గుండె చెరువయింది. పసిదప్పుడు ఆ పిల్ల వాడి భుజం దిగేది కాదు. అయినా లోపల ఆ అనుమానప్పురుగు ఊరుకుంటదా? ఖాసిం మాట అబద్ధం, గ్యాసు తియ్యకపోతే బావకి అంత కోపమెందుకు అంటది!

మర్నాడు ఏమైందంటే, పక్కింటి ఓబులమ్మ మేక వచ్చి కారు ముందర జాలీలో మూతి పెట్టి పీకుతా ఉంది. ఒసే ఓబులమ్మా, నా కారు గీకియ్యమని ఎవురు పంపారే నిన్ను అని అరిచాడు. ఓబులమ్మ ఊరుకుంటదా? "మేకకి నీ కారుతో ఏం పనయ్యా, దానికి మేత కనపడింది" అంది. ఒంగి చూశాడు. మేక నోట్లో ఉలవకట్టె! జాలీ సందుల్లో పొట్టు, పుల్లలు, దుమ్ము, పరుపులాగా పట్టేసి ఉంది. ముందుకీ ఎనక్కీ, ముందుకీ ఎనక్కీ, గుర్తొచ్చింది. అట్టానే కారు ముందర కూలబడ్డాడంట.

ఖాసిం కాడికి పొయ్యి, నోరు తెరిచి తప్పయిందన్నాడు. ఖాసిం బంపరు ఇప్పి, లోపలి నించి బయటికి నీళ్లు కొట్టి, మెత్తటి బ్రష్షుతో దులిపితే, గంపెడు పొట్టు రాలింది. ఏసీ వేస్తే మంచుగాలి. ఆ పొట్టు ఒక సంచిలో పోసుకుని తిన్నంగా బావ ఇంటికి పొయ్యాడు. వాకిట్లో కుమ్మరించి, "బావా, దొంగ నేనే. నన్ను కొట్టు, తిట్టు, ఆ బుట్ట మాత్రం ఇంకొకడి చేతికియ్యబాకు" అని కాళ్లు పట్టుకున్నాడు. మాలకొండయ్య ఒంగి వాడి రెక్క పట్టుకున్నాడు. లేపి, పిల్ల మొహం చూసి ఇస్తన్నా అన్నాడు.

బుట్ట చెంచయ్యే మోశాడు. పెళ్లయ్యాక బావనీ చెల్లెల్నీ కార్లో ఎక్కిచ్చుకున్నాడు. ఏసీ వేశాడు. మాలకొండయ్య పక్కనున్న అద్దం కిందకి దించుకుని కూకున్నాడు. ఎండ, వడగాలి, దుమ్ము, అంతా లోపలికే. ఈనాటికీ అంతే, ఆ కారెక్కితే ఆయన అద్దం దించుకునే కూకుంటాడు. ఎత్తు బావా అనేదానికి వాడికి నోరు రాదు. మరి మారాడా అంటారా? మొన్న నేనూ ఆ కారెక్కా. నా చేతుల వంక చూడలా, సంచి వంక చూడలా. దిగింతర్వాత తిరిగి చూస్తే, సీటు కింద ఎతుకుతా ఉన్నాడు. ఏం పోయిందిరా అంటే, ఏం పోలేదు, నువ్వేమన్నా మర్చిపొయ్యావేమోనని అన్నాడు. నేనైతే నమ్మలా.