నోట్లో పోగు

ఎమ్మిగనూరు, 1956, శ్రావణమాసం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సన్నని తుంపర, పడమటి గాలి. మగ్గం పక్కన ముగ్గురు: మతి తప్పిన ముసలి నేతగాడు మహానంది, ఆయన కొడుకు సుంకన్న, గంజి గిన్నెతో కోడలు తిమ్మక్క.

"మామా, ఒక్క గుక్క గంజి. ఆ అను."

"ఊహూఁ."

"సూసినావా? నేను ఉరుకుంద ఈరన్న సామి గుడికి పోయి వచ్చినప్పటి నుంచి ఇదే కత. తాగడు, మాట్లాడడు. రోజూ ఏలికి గుడ్డ సుట్టి ఉప్పుతో పండ్లు తోమేదాన్ని, ఇప్పుడు పెదవి ముట్టనీడు. దౌడ సూడు ఎట్ల వాసిందో! ఇట్లే ఉంటే మనిషి దక్కడు. లే, ఆదోనికి పోదాం. ఆడ పండ్ల డాక్టరు ఉండాడు."

"ఆదోని ఎందుకే? డాక్టరు నోరు తెరిపించి సూస్తాడు."

"సూసేకే కదా పోయేది!"

"అదే... సూసి ఏం జేస్తాడు అని. గంటె తే, కాడ పెట్టి మనమే తెరుద్దాం."

"అది నోరా, నూనె డబ్బా మూతనా? పోయినేడాది అట్ల జేసే కదా నీ ఏలు కొరికినాడు."

"కొడుకని తెలిస్తే కొరికేటోడా? మొన్నటిదాకా నన్నే 'ఎవురప్పా నువ్వు' అంటాండె."

"నేను ఇంట్లో లేనప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరుగుతాది? వాన వచ్చింది."

"వానకు నోరు మూసుకుంటారా?"

"కొందరు మూసుకుంటారేమో."

"ఊఁ! ఊఁ!"

"ఉండు, ఉండు. ఏంది మామా, మగ్గం సూపిస్తావు? పోగు తెగిందా?"

"ఊఁ."

"కొన నోట్లో పట్టుకున్నావా, అతుకేసేకి?"

"ఊఁ! ఊఁ!"

"ఇదీ సంగతి! తెగిన కొన నువ్వు పండ్ల నడుమ పట్టుకుంటావు సూడు, అట్ల పట్టుకున్నానని అనుకుంటాండాడు. తెరిస్తే జారిపోతాదని బయం."

"పోగూ లేదు, ఏమీ లేదు! మతి లేనోని మాట పట్టుకుని నువ్వు..."

"నీకేమి అంత సెమట, తుంపర పడతాంటే?"

"ఉక్క."

"ఆ కండె నుంచి ఒక పోగు తెంపి ఇటియ్యి. మామా, ఇదో, రెండో కొన దొరికింది. ఇంగ అతుకేయి. ఆ..."

"ఆ..."

"తెరిసినాడు! దీపం పట్టు. యాడికి జరుగుతావు? పట్టు! అయ్యో, ఎంత సీము! ఉప్పునీళ్లు, గుడ్డ... మెల్లగ మామా, మెల్లగ. ఏమయ్యా?"

"ఏంది?"

"పన్నుకు నిజంగానే పోగు ఉంది. సిగుర్లోకి దిగింది."

"ఉండొచ్చు. నేతోళ్ల ఇల్లు, పోగులు ఎగురుతాంటాయి."

"ఎగిరి ముడేసుకుంటాయా? అదీ ఎర్ర పోగు, నువ్వు నేస్తాండే సీర అంచు రంగు."

"పన్ను ఊగుతాందని, లాగితే పీడ పోతాదని ఎవురో..."

"ఎవురు?"

"ఎవురో."

"వచ్చేసింది మామా, ఇదో నీ పోగు. ఎవురు కట్టినారు? ఈయప్పనా?"

"ఈయప్ప ఎవురో నాకు తెలీదమ్మా. ముడి మాత్రం మా సుంకన్నది. ఎప్పుడూ ఒక సుట్టు ఎక్కువేస్తాడు, ఆనక లాగితే పోగే తెగుతాది."

మహానంది మరో ఆరేళ్లు బతికాడు. కొడుకు ముఖాన్ని ఎన్నడూ గుర్తుపట్టలేదు. తిమ్మక్క ప్రతి ఉదయం తెగిన పోగుకు రెండో కొన దొరికిందని చెప్పి ఆయన నోరు తెరిపించి కడిగింది. ఆ పన్ను చివరిదాకా ఊడలేదు.