పన్నెండు పుటలలో మూడవ మెట్టు

ఒక పరిశోధకుని పేరును పురస్కారానికి ప్రతిపాదించాలంటే చేయవలసిన పనులివి: ఆయన సాధించినదేమిటో ఒక్క పుటలో చెప్పాలి, ఇతర విశ్వవిద్యాలయాల పండితుల నుంచి మూడు లేఖలు తెప్పించాలి, ప్రచురణల జాబితా సంపాదించాలి, మార్చి ఒకటవ తేదీలోగా పోస్టు చేయాలి, ఇదంతా ఆయనకు తెలియకుండా జరగాలి. తర్కశాస్త్రానికీ కంప్యూటర్ శాస్త్రానికీ కలిపి ఇచ్చే ఒక పురస్కారానికి మా ఆచార్యుల పేరు పంపాలని 1988లో నేను మొదటి మూడూ పూర్తిచేశాను. ఐదవది నా చేత కాలేదు. అందుచేత నాలుగవదీ జరగలేదు.

ఆచార్య రాజగోపాల్ గారు 1977 ఆగస్టు 22వ తేదీన న్యూజెర్సీలోని మా విశ్వవిద్యాలయ కంప్యూటర్ శాస్త్ర విభాగంలో చేరారు. వారి పదవీ విరమణకు వెలువడుతున్న ఈ సంచికలో తక్కినవన్నీ ఇంగ్లీషు వ్యాసాలు. వారి సతీమణి రాజేశ్వరమ్మ గారు చదువుకోవడానికి ఒక్కటైనా తెలుగులో ఉండాలని విభాగంవారు ఈ బాధ్యత నాకు అప్పగించారు. మా వంశంలో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేను. అలంకారాలు రావు, తెలిసినది తెలిసినట్టు రాస్తాను.

చేరిన మరుసటి ఏడాదే, 1978లో, వారి పన్నెండు పుటల పరిశోధనపత్రం వెలువడింది. ఒక ప్రోగ్రాము తాను చేస్తానన్న పనిని చేసితీరుతుందని, దాన్ని నడపకముందే తర్కంతో నిరూపించే మార్గమది. తర్వాతి పదేళ్ళూ వారు బోధించారు, మాబోటివారిని తీర్చిదిద్దారు, ఎక్కువగా కిటికీ బయటికి చూశారు. మంచు కురుస్తూ ఉంటే సుద్దముక్క చేతిలోనే మరచి, ఆ తెల్లదనంలో ఏదో వాక్యం చదువుతున్నట్టు నిలబడిపోయేవారు. ఎడిసన్ ఊళ్ళోని ఇంటి నుంచి రైలులో వస్తూ దిగవలసిన స్టేషను దాటిపోయి, లైను చివర బల్ల మీద కూర్చుని ఒక నిరూపణ ముగించి, మధ్యాహ్నానికి విభాగానికి చేరుకున్న రోజులున్నాయి. ఇంటికి ఫోను చేస్తే వారి అమ్మాయి రేణు ఎత్తి, "డాడీ నిద్ర కాదు అంకుల్, థింకింగ్. కళ్ళు క్లోజ్ చేసి థింకింగ్," అనేది.

1988 ఫిబ్రవరిలో ప్రచురణల జాబితా కోసం వారు లేని వేళ చూసి ఎడిసన్ వెళ్ళాను.

"అమ్మా, సార్‌కి మాత్రం తెలియకూడదు."

"ఆయనకా? హాల్లో సోఫా మార్చి నెలయింది, ఇంకా ఆయనకి తెలీదు. పట్టుకెళ్ళు నాయనా," అన్నారు రాజేశ్వరమ్మ గారు.

సోమవారం ఉదయం ఆచార్యులు నా గదికి వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టారు. "దామోదర్, నువ్వు తీసుకెళ్ళిన లిస్ట్‌లో తప్పుంది. ఇది వాడు."

1978 నాటి పత్రం ఎదుట, వారి పేరు పక్కన, సిరాతో మరొక పేరు రాసి ఉంది: జగదీష్.

"ఈయనెవరు సార్?"

"నా స్టూడెంట్. ఆ నిరూపణలో మూడో మెట్టు అతనిది. అది తీసేస్తే ఆ పేపర్లో ఏమీ మిగలదు."

"మరి పేరు ఎందుకు లేదు?"

"జాబ్ రాగానే డిగ్రీ మధ్యలో వదిలేసి అరిజోనా వెళ్ళిపోయాడు. ఆ హడావుడిలో..." అని ఆగారు. "కాదు. హడావుడేం లేదు. డిగ్రీ లేనివాడి పేరు పక్కనుంటే నా పేపర్ చిన్నబోతుందనుకున్నా. చివర్లో థాంక్స్ చెప్పి సరిపెట్టా. ఇద్దరి పేర్లూ వేసి పంపు."

పురస్కార సంఘానికి ఫోను చేశాను. పత్రం మీద అచ్చయిన పేర్లనే పరిగణిస్తామన్నారు. పదేళ్ళ లోపు వెలువడినవే అర్హం గనుక అదే చివరి అవకాశం. మూడు లేఖలూ అప్పటికే నా సొరుగులో ఉన్నాయి.

"ముందు అవార్డ్ రానివ్వండి సార్. స్టేజ్ మీద ఆయన పేరు చెబుదురుగాని."

"స్టేజ్ మీద చెబితే నన్ను మెచ్చుకుంటారు దామోదర్, అతన్ని కాదు. పంపకు."

ఆ తర్వాత నా గదిలోంచే అరిజోనాలోని చాండ్లర్‌కు ఫోను చేశారు. జగదీష్ గారు అక్కడ చిప్పులు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరు. గదిలోని నిశ్శబ్దంలో అవతలి మాట నాకూ వినిపించింది.

"అదెప్పుడో మర్చిపోయాను సార్."

"మర్చిపోలేదు. మర్యాదకి అంటున్నావు."

అవతలి గొంతు మెల్లగా అడిగింది: "ఆ మూడో మెట్టు... ఇప్పటికీ వాడుతున్నారా సార్?"

"రోజూ," అన్నారు ఆచార్యులు.

మార్చి ఒకటి వచ్చింది, వెళ్ళింది. ఆ రోజంతా వారు కిటికీ దగ్గరే ఉన్నారు. ఏమి చూశారో నేనడగలేదు. ఆకులు రాలే కాలంలో ఆ పత్రం అచ్చయిన పత్రిక, జగదీష్ గారి పేరు చేరుస్తూ అరపుట సవరణ ప్రచురించింది. దాన్ని చదివినవారు బహు కొద్దిమంది.

ఈ మే నెలాఖరున, 1989లో, వారు పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన రాస్తానంటే ఒక్కటే షరతు పెట్టారు: "ఆ సంగతి రాయకపోతే నా మీద ఏమీ రాయకు." వారి ఆనతి మేరకే రాశాను. ఆచార్యులకూ రాజేశ్వరమ్మ గారికీ నిండు ఆరోగ్యంతో, తొందరలేని ఉదయాలతో, మరెన్నో ఏళ్ళ సుఖజీవనం సమకూరాలని విభాగం తరఫున మనసారా కోరుతున్నాను. వారికి కానుక ఇవ్వదలచినవారికి నాదొక మనవి. ఆ పన్నెండు పుటలు ఎన్నడైనా మీ చేతికి వస్తే, మూడవ మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్కడ అచ్చులో లేని జగదీష్ గారిని తలచుకోండి.