ఇష్టపూర్వకంగా మానుకున్నారు

చాలు పెద్దమ్మా, ఇంక ఆ మనిషిని నెత్తిన పెట్టుకోకు. దేవుడట! రెండుసార్లు నీ భుజం తట్టి "ఎలా ఉన్నారమ్మా" అన్నాడని దేవుడైపోయాడు పాపం. ఆయన తట్టింది నీ మీద ప్రేమతో కాదు, ఎదురుగా ఫొటో తీసేవాడున్నాడు. నువ్వు చూసుకోలేదు, నేను చూశాను.

ఆయన దగ్గర పనిచేసే మేం వెనకాల ఆయన్ని ఏమంటామో తెలుసా? సున్నం డాక్టరు. ఎముకల్లో సున్నం గురించి ముప్ఫై ఏళ్ళుగా అదే ఉపన్యాసం, అవే బొమ్మలు, అవే జోకులు. మొహం కూడా నిన్ననే వెల్ల వేసిన గోడలా ఉంటుంది. ఏ మరకా అంటదు.

నవ్వకు. నవ్వితే తుంటి లాగుతుందన్నావుగా. ఆ దిండు కాస్త ఇటు జరపనా? సరే, సరే, ముట్టుకోను.

వచ్చినప్పటి నుంచీ నా సంచి వంకే చూస్తున్నావు. కాగితమే. ఏం కాగితమో చెప్తాను. ముందు కాసేపు తిట్టనీ. తిడితేగానీ అసలు సంగతికి నోరు పెగలదు నాకు.

అసలు ఏమిటా పరిశోధన? అరవై దాటిన ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారి పుటుక్కుమంటున్నాయి, దానికో కొత్త ఇంజెక్షన్. నెలకొకటి, పొట్టకి. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికేది పడుతోందో గుచ్చేవాళ్ళకీ తెలీదు, గుచ్చించుకునేవాళ్ళకీ తెలీదు. రెండేళ్ళయ్యాక ఏ గుంపులో ఎన్ని ఎముకలు విరిగాయో లెక్కపెడతారు. వింటుంటే ఎంత ముచ్చటగా ఉంది! నేనూ అలాగే మురిసిపోయాను. "తుమ్మితే పక్కటెముక విరిగిన పెద్దమ్మ ఉంది సార్ మాకు" అని చెప్పి, నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే కదా.

ఇప్పుడు వాళ్ళు లెక్కపెట్టే తీరు విను. ఎముక విరిగిందని నువ్వు చెబితే చాలదు. వేరే ఆసుపత్రి ఎక్స్‌రే పట్టుకొచ్చినా చాలదు. "వాళ్ళ యంత్రం వేరు, మన యంత్రం వేరు" అంటాడు సున్నం. మా గదిలో, మా యంత్రం కింద తీసిన ఫిల్ములో కనబడితేనే విరిగినట్టు. కనబడలేదా, విరగనట్టే!

మరి ఆ గది ఎక్కడుంది? మూడో అంతస్తులో. లిఫ్టో? కిందే ఉంది, ఏడాదిన్నరగా, మెడలో "మరమ్మతులో ఉంది" అని అట్టముక్క తగిలించుకుని.

అర్థమైందా? తుంటి విరిగిందని రుజువు చేసుకోవాలంటే, ఆ విరిగిన తుంటితోనే అరవై నాలుగు మెట్లెక్కి రావాలి. ఎక్కగలిగావా, విరగలేదన్నమాట. ఎక్కలేకపోయావా, నువ్వు రానేలేదన్నమాట. ఎటు తిప్పినా మందుకి మచ్చ లేదు. మణికట్టు విరిగినవాళ్ళు చేతికి గుడ్డ కట్టుకుని ఎక్కొచ్చారు, వాళ్ళు లెక్కలోకొచ్చారు. మంచాన పడ్డవాళ్ళే మాయమైపోయారు. ఆహా, ఏం శాస్త్రమమ్మా!

ఏంటీ? యంత్రాన్నే కిందకి దించొచ్చుగా అంటావా?

చూశావా, బట్టలు కుట్టుకునే దానివి, నీకు తట్టింది. అంతమంది డాక్టరేట్లకి తట్టలేదు. కాదు కాదు, ఒకాయనకి తట్టింది. దించితే మళ్ళీ దాన్ని సరిచూసుకోవడానికి నెల పడుతుందన్నారు. నెలా! నీ కాలు నాలుగు నెలల నుంచి ఈ మంచం మీదే ఉంది. వాళ్ళకి మాత్రం నెల ఆగితే ప్రాణం పోతుంది.

మొన్న సీలు విప్పారు. ఎవరికి మందు పడిందో, ఎవరికి ఉప్పునీళ్ళు పడ్డాయో తేలింది. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: మందు తీసుకున్నవాళ్ళలో విరిగిన ఎముకలు సగానికి సగం తక్కువ! చప్పట్లు. సున్నం కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ కళ్ళలో తడి లేదు, నేను మొదటి వరసలోనే కూర్చున్నాను.

తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి, మధ్యలో మానేసినవాళ్ళ ఫైళ్ళు తీశాను. అందులో తుంటి విరిగి రాలేకపోయినవాళ్ళు పదకొండు మంది. ఆ పదకొండులో ఎనిమిది మందికి పడింది మందు. ఎనిమిది మంది! వాళ్ళని కలిపి చూడు, మందు గుంపులోనే ఎక్కువ విరిగాయి. ఎముక ఫొటోలో దిట్టంగా కనిపిస్తోంది, కాలు మోపితే పెంకులా పగులుతోంది. రేపు ఇది వేలమందికి పొడుస్తారు పెద్దమ్మా.

నీకా? నీకు ఉప్పునీళ్ళు కాదు. మందే.

అలా చూడకు. నాకూ మొన్నే తెలిసింది.

కత్తెర కింద పడితే వంగి తీశావు. అంతే కదా నువ్వు చేసింది? కుర్చీలోంచి జారలేదు, మెట్ల మీంచి దొర్లలేదు. వంగావు. నీ వయసువాళ్ళు రోజుకి ఇరవైసార్లు వంగుతారు.

సరే, కాగితం. ఇదిగో. రేపు పదింటికి తనిఖీవాళ్ళొస్తున్నారు. ఏ ఫైళ్ళు చూస్తారో ముందే నంబర్లు పంపించారు. వాటిలో నీది ఒకటి. నీ ఫైల్లో మానుకున్నట్టు సంతకం లేదు. "మీ పెద్దమ్మే కదా, ఇంటికెళ్ళి పెట్టించుకు రండి, తారీకు నాలుగు నెలల కిందటిది వేయండి" అన్నాడు సున్నం. ఏదో గుండీ కుట్టించుకు రమ్మన్నంత తేలిగ్గా. పెట్టించుకెళితే పరిశోధన పత్రంలో రెండో పేరు నాది, ఉద్యోగం ఖాయం. పెట్టించుకెళ్ళకపోతే... చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

చదవనా? "నేను నా ఇష్టపూర్వకంగా ఈ పరిశోధన నుంచి మానుకున్నాను. ఎవరి ఒత్తిడీ లేదు." అంతే. ఎంత మర్యాదగా ఉందో!

ఏం చేస్తున్నావు? ఆ కళ్ళద్దాలెందుకు? వద్దు. పెన్ను ఇవ్వను. "నీ ఉద్యోగం కంటే నా సంతకం గొప్పదా పిల్లా" అంటావేంటి? సిగ్గులేదూ నీకు? ఆ మందు నీ కాలు తీసుకుంటే నువ్వేమో నాకు ఉద్యోగం ఇస్తావా?

వద్దని తిడతావనుకున్నాను. నిజం చెప్పనా? తిడతావనే తెచ్చాను. నువ్వు ఛీ పొమ్మంటే, వెళ్ళి "మా పెద్దమ్మ ఒప్పుకోలేదు సార్" అని చేతులు దులుపుకుందామనుకున్నాను. ధైర్యం నీ చేత చేయించి, పేరు నేను తెచ్చుకుందామని. నువ్వు ఇలా చెయ్యి చాస్తావని ఎవరికి తెలుసు!

ఆగు. ఆ చెయ్యి దించు. ఇంకొకటుంది.

ఆ ముక్క సున్నంది కాదు. "ఇష్టపూర్వకంగా" అన్నది. నాది.

పదకొండు మందిలో మొదటావిడ రావడం మానేసినప్పటి మాట. నేను చేరి మూడు నెలలే అయింది అప్పటికి. సోమవారం మీటింగు, అందరూ గడియారం చూసుకుంటున్నారు. ఆయన అడిగాడు, నిజంగానే అడిగాడు, "ఈవిడెందుకు రావట్లేదు?" అని. ఆమెకి తుంటి విరిగిందని నాకు తెలుసు. ముందురోజే ఫోన్ చేశాను. కానీ అది చెబితే పన్నెండు పేజీల ఫారం నింపాలి, నింపాల్సింది నేనే. కాలేజీ వాదన పోటీల్లో కప్పులు తెచ్చిన నోరు కదా, తడుముకోకుండా వచ్చేసింది: "ఇష్టపూర్వకంగా మానుకున్నారు సార్." ఆయన తలాడించాడు. "బాగుంది, అలాగే రాయండి" అన్నాడు.

బాగుందట! ఆ మాటకి పొంగిపోయాను పెద్దమ్మా. తర్వాత ప్రతి ఒక్కరికీ అదే రాశాను. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. నిజం చెబితే సున్నం ఏం చేసేవాడో, యంత్రాన్ని దింపించేవాడో ఏమో, ఆయనకి ఆ అవకాశమే ఇవ్వలేదు నేను. పదకొండోది నువ్వు. పక్కింటావిడ చేత ఫోన్ చేయించి "తుంటి పుటుక్కుమంది పిల్లా" అని ఏడ్చావే, ఆ రోజు నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చానా? వచ్చాను. రాత మాత్రం అప్పటికే పూర్తి చేసి వచ్చాను.

తిట్టు. ఇప్పుడైనా తిట్టు.

పోనీలే, ఇటివ్వు కాగితం. నీ సంతకం అక్కర్లేదు. ఇదిగో, ఆ ముక్క కొట్టేశాను. పక్కన రాస్తున్నాను: తుంటి విరిగింది. ఫోన్లో చెప్పింది. విన్నది నేను. రాయనిదీ నేను. కింద నా సంతకం, ఇవాళ్టి తారీకు. మిగతా పది ఫైళ్ళూ రేపు వాళ్ళ ముందే పడేస్తాను. ఉద్యోగం ఉండదు. ఉండకపోనీ. సున్నంగారు "ఈ అమ్మాయే చేసింది" అంటాడు. అననీ, అబద్ధమేం కాదుగా.

ఏంటీ? కాస్త గట్టిగా అను.

ఆ పదిమందీ ఇప్పుడెలా ఉన్నారనా?

ఫోన్ చేశాను కదా... ఒకింట్లో కోడలు ఎత్తింది, ఒకింట్లో మొగుడు. మంచం మీదుందన్నారు. అయ్యో అన్నాను. పెట్టేశాను, రాసుకున్నాను. లేచారో, నడుస్తున్నారో, అసలు ఉన్నారో...

తెలీదు పెద్దమ్మా. మళ్ళీ చెయ్యలేదు. ఎలా ఉన్నారో రాయడానికి మానుకున్నవాళ్ళ ఫారంలో గడి లేదు మరి.