అక్కర్లేని ఫైళ్లు

కొత్త కంప్యూటర్ వచ్చిన మూడో రోజు, వరద అంచనాలు వేసే ఆవిడ వెళ్లి ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే అడ్మిన్ నెత్తిన కూర్చుంది.

"అవతల నది పొంగుతోంది సార్. నా ప్రోగ్రామేమో మొదలవగానే చచ్చిపోతోంది."

"ఇందులో ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మారింది మేడమ్. మీది పాతదానితో కంపైల్ చేసింది."

"పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ రెండూ ఒకటేనన్నారుగా."

"ఫంక్షన్ల పేర్లు ఒకటే. లోపల వాడే నంబర్లు వేరు. మీరు రాసిన ప్రోగ్రామ్ సోర్స్ ఇవ్వండి, కొత్తదానికి సరిపడేలా మళ్లీ కంపైల్ చేస్తే పది నిమిషాల పని."

"సోర్స్ తీసేశాను. ప్రోగ్రామ్ ఎలాగూ నడుస్తోంది కదా అని."

"బుద్ధున్నవాళ్లెవరైనా సోర్స్ తీసేస్తారా?"

ఆవిడ ఫోన్‌లో పాత మెయిల్ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"'డిస్కు నిండిపోయింది. అక్కర్లేని ఫైళ్లు సాయంత్రంలోగా తీసెయ్యకపోతే అన్నీ నేనే తీసేస్తాను.' కింద పేరెవరిదో చదవండి."

ఆయన ఫోన్ ఆవిడ చేతికిచ్చేసి, మూల నుంచి పాత కంప్యూటర్‌ని లాగాడు.

"ఆ చివర పట్టుకోండి మేడమ్. మళ్లీ బిగిద్దాం."