తగరపు జల్లు

సరుకులు మోసే అంతరిక్ష నౌక. ఇంజిను గదిలో అక్క, తమ్ముడు. అక్క భర్త మరమ్మతుకని నౌక బయటికి వెళ్ళి ఇరుక్కుపోయాడు.

“ఈ మీట మీంచి చెయ్యి తియ్యనక్కా. నువ్వెంత చెప్పినా జల్లు తెరవను.”

“నేనేం చెప్పలేదే.”

“చెప్పడానికేగా దిగొచ్చావు! కరిగిన తగరం అది. తెరిస్తే నేరుగా బావ మీద పడుతుంది.”

“తెలుసు.”

“తెలుసంటావేంటి అంత చల్లగా? జల్లుని పట్టే గరాటు మూతి దగ్గర తన తాడు చిక్కుకుంది, అంతే. విడిపించుకుని వచ్చేస్తాడు.”

“పిలిచావా?”

“పిలుస్తూనే ఉన్నా. ఆ రేడియో మొదట్నించీ అంతే కదా, బావ చెవిలాగా. సగమే వింటుంది.”

“పలికాడా?”

“పలుకుతాడు. పిల్లలేరీ?”

“ముందు గదిలో. చొక్కాలు విప్పి నేల మీద పడుకోబెట్టా. నేల కూడా కాలుతోంది. చిన్నది ఏడవడం మానేసింది.”

“ఇంజిను ఆర్పేశాం కదా!”

“ఆర్పితే మాత్రం, లోపలి వేడి పోవద్దూ? బయట గాలా, వానా? తగరాన్ని ఇటు నుంచి చిమ్మాలి, అది దారిలో వేడి వదిలెయ్యాలి, అటు గరాటులో పట్టుకోవాలి. అప్పుడే పోయేది.”

“నీళ్ళు చిమ్మితే?”

“ఆవిరైపోతాయి. మళ్ళీ చేతికి రావు. తగరమైతే చుక్క కూడా పోదు. పెట్టిందంతా తిరిగొచ్చే బేరం ఇదొక్కటేనని మీ బావ మురిసిపోయేవాడు.”

“మురిసిపోయేవాడేంటి? మురిసిపోతాడు!”

“సరే.”

“కాసేపాగుదాం అక్కా. ఇంకాసేపు.”

“లోపల నలుగురం. బయట ఒక్కడు.”

“మనిషిని తక్కెట్లో పెడతావా? నీ మొగుడక్కా!”

“అవును. మొగుడే. ఇంకెవరైనా అయితే లెక్క తొందరగా తేలేది.”

“ఏడవ్వేం? ఒక్క చుక్కైనా...”

“రావట్లేదు. నువ్వు ఆ మీట వదిలి కూర్చో. చేతులు బొబ్బలెక్కాయి.”

“వదలను. వదిలితే నువ్వు... ఆగు. ఆగాగు. వేడి చూపించే ముల్లు చూడు! ఎర్రగీత కిందికొచ్చింది! దిగుతోందక్కా!”

“చూశా.”

“చెప్పానా? తెరవకుండానే తగ్గుతోంది! ఇంక బావకి బోలెడు టైముంది. చూడు, దానంతటదే...”

“దానంతటది తగ్గదురా. పైన మా గదిలో ఇంకో మీటుంది, మీ బావే పెట్టించాడు. దాంతో జల్లు తెరిచే కిందికొచ్చా.”